ఒక్క యిల్లాలి యూరు



2011వ సంవత్సరపు జనాభా లెక్కలకు మా వారు, తక్కిన యుపాధ్యాయులవలెనే, ఇల్లిల్లు తిరిగిరి. అప్పటికి నేను కాపురమునకు వచ్చి యేడాది కాలేదు. రాత్రులయందు వారు కాగితములు ముందు వేసికొని యంకెలు చదువుచుండగా నేను కూడి చెప్పుచుండెడిదానను. ఒకనాడు ఒక వీధి లెక్కలో వరుసగా ఆఱిండ్ల కెదుట తాళము, తాళము అనియే వచ్చెను. "ఇందెవరును లేరు గదా, దీనిని వీధి యనవచ్చునా?" యని యడిగితిని. "ఏడవ యింటిలో నొక ముసలమ్మ యున్నది. ఆమె యున్నంతవఱకు వీధియే" యని వారు బదులు చెప్పిరి.

ఈ నడుమ అమెరికా దేశమందలి మొనోవై యను నూరి వృత్తాంతము చదువునప్పు డామాట మరల జ్ఞప్తికి వచ్చినది. ఆ దేశపు 2010వ సంవత్సరపు జనగణనమునందు మొనోవై జనసంఖ్య ఒకటి. పొరపాటున సున్నలు రాలిపోయినవని తలంపకుడు. అక్షరాలా ఒకటియే. ఆ యొక్కరును స్త్రీ. ప్రభుత్వముచే గుర్తింపబడి, తనకంటూ పాలకవర్గము గలిగి, ఒక్కరే నివాసముగా నున్న యూరు ఆ మహాదేశము మొత్తముమీద అదియొక్కటియే.

మా వారి భూగోళపు పటము దించి నేలపై పఱచి యా చోటు వెదకితిమి. అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిబొడ్డున నెబ్రాస్కా యను రాష్ట్రము కలదు. ఆ పేరునకు చదునైన నీరని యర్థము. అచ్చట పాఱు ప్లాట్ నదికి ఆదివాసులు పెట్టిన పేరే రాష్ట్రమునకు వచ్చినది. ఆ రాష్ట్రపు ఈశాన్యభాగమున బాయిడ్ జిల్లా యున్నది. దానికి ఉత్తరమున సౌత్ డకోటా రాష్ట్రము. దక్షిణమున నయోబ్రారా నది. ఈ నది తూర్పుగా ప్రవహించి మిస్సోరీ మహానదిలో కలియును. ఆ జిల్లా తూర్పు వైపున, సరిహద్దునకు కొలది మైళ్ల దూరమున, సుమారు 130 ఎకరముల మేర మన మొనోవై. 130 ఎకరములనగా మన గోదావరి మండలములలో నొక మోతుబరి కుటుంబము పూర్వము సేద్యము చేసిన భూమికంటె హెచ్చు కాదు.

చుట్టును ఎత్తుపల్లములుగా పచ్చికబయళ్లు, మొక్కజొన్న చేలు, పసుల మందలు. సముద్రము సుమారు వేయి మైళ్ల దూరమున నున్నది గనుక దాని చల్లదనము గాని వెచ్చదనము గాని యచ్చటికి చేరదు. అందుచే చలికాలమున నీరు గడ్డకట్టి నెలలకొలది మంచు కప్పియుండును. వేసవిలో కొన్ని దినములు ఫారెన్‌హీటు మానమున నూఱు డిగ్రీలు దాటును. మనకు మధ్యాహ్నము పండ్రెండు గంటలైనప్పుడు వారికి అర్ధరాత్రి దాటియుండును. మనము వడ్డన ముగించి విస్తళ్లు తీయు వేళకు ఆ యూరిలో దీపములు మాత్రమే మేలుకొనియుండు నన్నమాట. నదియు సాధువు కాదు. 2019 మార్చి 14వ తేదీన మంచుగడ్డలతో పొంగిన వరద తాకిడికి ఆ జిల్లాయందే నయోబ్రారామీది స్పెన్సర్ ఆనకట్ట కొట్టుకొనిపోయినది.

ఊరు పుట్టుటకు ముందు ఆ నేల యెవరిది? జనసంఖ్యను గూర్చి వ్రాయువారు సాధారణముగా నీ ప్రశ్న దాటిపోవుదురు. నయోబ్రారా పరిసరములు పాంకా యను ఆదివాసుల జన్మభూమి. 1868లో ప్రభుత్వము వేఱొక జాతితో సంధి చేసికొనుచు, వీరి భూమిని పొరపాటున వారికి వ్రాసియిచ్చెను. ఆ పొరపాటును దిద్దుటకు మాఱుగా 1877లో పాంకాలనే దక్షిణమునకు తరలించిరి. ఆ పయనమునను, ఆ క్రొత్తచోటి జ్వరములకును పెక్కుమంది మడిసిరి. వారి నాయకులలో నొకనికి 'నిలిచిన యెలుగు' అను నర్థము వచ్చు పేరు. ఆంగ్లమున స్టాండింగ్ బేర్. ఆయన కుమారుడు మరణించుచు తన యెముకలు నయోబ్రారా యొడ్డున పూడ్చుమని కోరెను. తండ్రి 1879 జనవరిలో కొడుకు శల్యముల నెత్తుకొని, ముప్పదిమంది పరివారముతో మంచులో ఉత్తరముగా నడచి వచ్చెను. అనుమతి లేక వచ్చినాడని సైనికులు పట్టుకొనిరి. ఆ వ్యాజ్యెము ఓమహా నగరమున విచారణకు వచ్చినప్పుడు తేలవలసిన ప్రశ్న యేమనగా, ఆదివాసి చట్టము దృష్టిలో మనిషియా, కాదా? మనిషియే యని న్యాయమూర్తి తీర్పు చెప్పెను. గంగలో కలుపుటకు తండ్రి యస్థికలను కాశికి మోసికొనిపోవు కొడుకులను మన మెఱుగుదుము. కొడుకు శల్యములు మోసిన తండ్రి కథ చదివి నాకు పుస్తకము ప్రక్కన పెట్టవలసివచ్చినది. ఆయన తరువాత తూర్పు నగరములలో నుపన్యసించినపుడు దుబాసిగా నిలిచినది సుసెట్ లా ఫ్లెష్ అను ఓమహా జాతి యువతి. ఇరువదియైదేండ్ల పడుచు వేలమంది యెదుట నిలిచి తన జనుల పక్షమున మాటలాడినది. ఆమెను గూర్చి వేఱుగా వ్రాయవలెనని యున్నది.

పాంకాలు పోయిన నేలకు తెల్లవారు వచ్చిరి. 1862 నాటి చట్టము ప్రకారము ఐదేండ్లు కాపురముండి సాగు చేసినవారికి 160 ఎకరములు దాదాపు ఉచితముగా నిచ్చెడివారు. అవివాహిత స్త్రీకిని, వితంతువునకును ఆ హక్కు కలదు; భర్త గల స్త్రీకి మాత్రము తన పేర సాధారణముగా లేదు. మన దేశమునను వితంతువుపాటి పట్టాయైనను సుమంగళికి లేని యిండ్లు నేనెఱుగుదును గనుక నాశ్చర్యపడలేదు. 1891లో బాయిడ్ జిల్లా యేర్పడెను. 1902లో రైలుమార్గ మచ్చటివఱకు సాగగా, బండి యాగుచోట వీధులు గీచి, ఇండ్ల స్థలములు పంచి, మొనోవై నిర్మించిరి. ఆ చోట నడవిపూవులు విరివిగా పూచుటచేత, ఆదివాసుల భాషలో పువ్వు అను నర్థము గల పేరు పెట్టిరని చెప్పుదురు. ఏ జాతి భాషయో మాత్ర మెవరును తేల్చలేదు. జనులను వెడలగొట్టి వారి మాటను మాత్ర ముంచుకొనుట యెల్ల దేశములందును జరుగుచున్నదే.

రైలు వచ్చిన పిమ్మట అంగళ్లు వెలసినవి, చర్చి లేచినది, బడి, తపాలాకచేరి వచ్చినవి. 1930వ సంవత్సరపు లెక్కలో 123 మంది. ఆ దశాబ్దిలో 150 వఱకు నుండిరని యూరివారి వాడుక. అదే దాని నిండు యౌవనము. పిదప మొత్తముమీద తగ్గుచునే వచ్చినది. 1980 నాటికి 18 మంది. 2000 నాటికి ఇరువురు.

ఇంతకు నా యూరికి తెగులు వచ్చినదా, దొంగలు పడిరా? ఏమియు లేదు. ఆ ముప్పదులలో వర్షములు లేక ఆ మైదానము లెల్ల ధూళి రేగి యనేకులు పొలములు విడిచిరి. అటుపై ట్రాక్టరు వచ్చినది. 160 ఎకరములకు ఒక కుటుంబ మావశ్యకమైన చోట, యంత్రము లున్నవాడు వేయి యెకరములు ఒక్కడే దున్నసాగెను. ఇండ్లు తగ్గగానే అంగళ్లకు బేరము తగ్గెను. మోటారుబండి గలవాడు ఉప్పు కొనుటకైనను పెద్ద పట్టణమునకే పోయెను. 1967లో తపాలాకచేరి మూతపడెను. 1974లో బడి మూతపడెను. బడి మూసిన యూరిలో క్రొత్తగా కాపురము పెట్టు నింతు లెందైన గలరా? ఉన్న పిల్లలు పెరిగి యుద్యోగములకు పోయిరి. పెద్దలు నేలలో కలిసిరి. ఆ జిల్లా మొత్తమునకే 2010లో 2,099 మంది, 2020లో 1,810 మంది. మన పక్షమున నొక మాదిరి గ్రామము పాటి లేదు.

ఇక నా యొక్క వ్యక్తిని గూర్చి. ఆమె పేరు ఎల్సీ ఐలర్. ఊరికి పావుమైలు దూరమున పొలమునందలి యింట పెరిగినది. ఊరిలోని ఒంటిగది బడిలోనే రూడీ యను బాలునితో కలిసి చదివినది. పై చదువునకు ఏడు మైళ్ల దూరమున నున్న లించ్ అను నూరికి బస్సులో పోయిరి. కొరియా యుద్ధకాలమున రూడీ వైమానిక దళమున చేరి ఫ్రాన్సు దేశమున నుండగా, ఎల్సీ విమానములలో నుద్యోగము చేయవలెనని ముచ్చటపడి, ఒక విమానసంస్థ కార్యాలయమున కొంతకాలము పనిచేసినది. తుదకు పందొమ్మిదవ యేట రూడీని పెండ్లాడి స్వస్థలమునకే తిరిగివచ్చినది. ఇరువురు బిడ్డలు. 1960లో ఆమె తండ్రి మరణించినపుడు చర్చిలో జరిగిన యుత్తరక్రియయే ఆ చర్చి చూచిన కడపటి యుత్తరక్రియ. చర్చి పిదప శిథిలమైనది.

1971లో దంపతులిరువురు, ఒకప్పుడు ఆమె తండ్రి నడపిన పానశాలను మరల తెఱచిరి. పానశాల యన్నమాట చదువగానే నా మొగము ముడుచుకొన్నది. సంసారి స్త్రీ సారాదుకాణము నడపుట యేమి యనుకొంటిని. పూర్తిగా చదివిన పిదప తెలిసినది, అది మన పూటకూళ్ల యింటికిని రచ్చబండకును మధ్య నుండు నొక స్థలమని. ఉదయము కాఫీకి రైతులు వచ్చుదురు; మధ్యాహ్నము లారీవారు, వేటకాండ్రు; సాయంకాలము చీట్లాటకు చుట్టుప్రక్కల కుటుంబములవారు. ఇరువది మైళ్లనుండి కొందఱు, ఎనుబది మైళ్లనుండి కొందఱు వచ్చుచుండిరి. 2018లో, ఎనుబదినాలుగేండ్ల వయస్సున, ఆమె వారమునకు ఆఱు దినములు, దినమునకు పండ్రెండు గంటలు ఆ పొయ్యి ముందే నిలుచుచుండెను. రాత్రి యేకాకినియే, పగ లేకాకిని కాదు. ఈ భేదమును గమనింపుడు.

2004లో రూడీ మరణించెను. ఊరి జనసంఖ్య రెండునుండి యొకటి యైనది. ఆమె మేయరు. ఆమెయే కార్యదర్శి, ఆమెయే కోశాధికారి, గ్రంథాలయాధికారి, వంటకత్తె, పానశాల యజమాని. ఎన్నికల ప్రకటన ఆమెయే వ్రాసి పానశాల గోడకు తగిలించును, ఓటు ఆమెయే వేయును, గెలుపును ఆమెదే. మద్యము విక్రయించు అనుమతికై యజమానిగా దరఖాస్తు పెట్టును. రాజధానినుండి ఆ కాగితము లూరి కార్యదర్శికి వచ్చును. కార్యదర్శిగా దస్తఖతు చేసి మరల పంపును. నీరు, దీపములు సాగుటకు సంవత్సరమునకు సుమారు 500 డాలర్లు పన్ను తనకు తానే విధించుకొని తానే కట్టుచుండెను. ఊరిలోని వీధిదీపములు నాలుగు. వాని ఖర్చునకు రాష్ట్రప్రభుత్వపు ద్రవ్యసహాయము రావలెనన్నచో ఏటేట ఊరి బాటలకు సంబంధించిన ప్రణాళిక వ్రాసి పంపవలెను. అదియు నామెయే వ్రాయుచుండెను. "అచ్చట మనిషి యొకరు, దీపములు నాలుగు, మన వీధిలో మనుష్యులు నాలుగువందలు, వెలుగు దీప మొక్కటి" యని మా వారు నవ్విరి.

నాకు మాత్రము ఇందు వింత తోచలేదు. దొర, దివాను, బొక్కసదారు, వంటలక్క, చాకలి, వైద్యురాలు అన్నియు నొక్కతెయే యైన యిండ్లు మనకు క్రొత్తవి కావు. కాకున్న మన కెవరును బిరుదులీయరు, రసీదులీయరు. లెక్కలవారు వచ్చి వృత్తి యేమని యడిగినపుడు, ఇంటిపని యని యొక ముక్క వ్రాసికొని పోవుదురు. ఎల్సీ చేసిన యదే చాకిరి కచేరి కాగితముల కెక్కినది గనుక లోకమునకు వింతయైనది. లోకము దానిని వాడుకొన్నది కూడ. 2018లో నొక ఫలహారముల వ్యాపారసంస్థవారు ప్రపంచములోకెల్ల పెద్దదైన ప్రకటన పటమును తెచ్చి ఆ యొక్క స్త్రీ యున్న యూరిలోనే పఱచిరి. అది వారి గొప్ప.

నాకు నచ్చినది గ్రంథాలయము. రూడీకి పుస్తకముల పిచ్చి. తన సేకరణమును ఊరికొక గ్రంథాలయముగా చేయవలెనని తలపెట్టి, అది కొనసాగకమునుపే రోగముచే పోయెను. కుటుంబమువారు పూనుకొని యా చిన్న గది పూర్తిచేసిరి. రూడీ గ్రంథాలయ మని పలక కట్టి, సుమారు 5,000 పుస్తకము లందుంచిరి. తలకు 5,000 పుస్తకములు గల యూరు ప్రపంచమున నింకొకటి యుండునా యని మా వారు కూడికలు వేయుచుండిరి. చనిపోయిన భర్త పేరిట సత్రము కట్టించిన యిల్లాండ్రను చూచితిమి. చదువరు లున్నారా లేరా యని చూడక తలుపు తెఱచి కూర్చున్న యామెను ఇప్పుడు వింటిమి.

2020 జనగణనమునందు మొనోవై జనసంఖ్య రెండని ప్రకటితమైనది. ఎల్సీ మాత్రము తానొక్కతెనే యనెను. ఆ రెండవవా రెవరో తనకును తెలిసికొనవలెనని యున్నదని పత్రికలవారితో పరిహాసమాడెను. సంగతి యేమనగా, ఏ వ్యక్తి వివరములు బయటపడకుండుటకై అమెరికా జనగణన శాఖవారు ఆ పర్యాయము చిన్నచోట్ల యంకెలను కావలెననియే కొంచెము కలచి ప్రకటించిరి. పెద్ద నగరమున నటు ఇటు ఒకటి రెండు కలిసినను తెలియదు. ఒక్కరున్న చోట మాత్రము లేని మనిషి పుట్టుకొనివచ్చును. గుట్టు కాపాడుటకు చేసిన యుపాయమునకు, కాపాడుటకు వీలే లేని గుట్టు ఈమెది. ఆ యూరి స్త్రీల వయస్సెంతయని యడిగిన నామె వయస్సే, ఆదాయమెంతయని యడిగిన నామె యాదాయమే.

ఇదంతయు నే నింత శ్రద్ధగా నేల చదివితినో చెప్పవలెను. కోనసీమలో మా మేనత్త యున్నది. డెబ్బదియాఱేండ్లు. నా బాల్యమున ఆ యగ్రహారమున పదునాలుగిండ్ల పొయ్యిలు వెలిగెడివి; ఇప్పుడు రెండు. ఒక కుమారుడు హైదరాబాదున, రెండవవాడు అమెరికాయందే డల్లాసు నగరమున. గడచిన కార్తికమున తెల్లవాఱుజామున నూతి గట్టున జాఱిపడి, పాలమనిషి వచ్చువఱకు గంటన్నర కాలము లేవలేక పడియుండెను. ఎముక విఱుగకపోవుట దైవకృప. అప్పటినుండి బావలిరువురు ఇల్లమ్మి ఆమెను తీసికొనిపోవ నిశ్చయించి, నా మాట వినునని నన్ను రాయబారమునకు పంపిరి. నేనును వారి పక్షముననే యుంటిని. ఇప్పటికిని ఆ నూతిగట్టు తలచుకొన్నచో వారి పక్షమే న్యాయమని తోచును.

మాఘమున పోయి రెండు దినములుంటిని. పంపిన మాట నోట రాలేదు. మొదటి రాత్రి దీపము ముందు ఈ మొనోవై కథ చెప్పితిని. అత్తయ్య చిక్కుడుకాయల యీనెలు తీయుచు వినినది. వినినంతసేపును ప్రశ్నలే.

"పన్ను తనకు తానే కట్టుకొనునా? రసీదు కూడ వ్రాసికొనునా?"

"వ్రాసికొనునేమో అత్తయ్యా."

"వ్రాసికొనవలె. లెక్క లెక్కే." మరికొంత సేపటికి, "జ్వరము వచ్చిన నాడు దుకాణము తెఱువదు గదా. అప్పు డెవరు చూతురు?"

"కాఫీకి వచ్చినవారు తలుపు మూసియుండుట చూచి తట్టుదురు."

అత్తయ్య కాయలు తీయుట మానినది. "నా తలుపు తట్టువారు పాలమనిషి ఒక్కతె" యనినది. దుఃఖముతో గాదు, కొలత చెప్పినట్లు. పిమ్మట పుస్తకముల మాట యడిగినది. తీసికొనిపోయినవారు మరల తెచ్చి యిత్తురా యని. మామయ్యగారి బీరువా నడవలో నేటికిని అట్లే యున్నది. భారతభాగవతములు, పాత పత్రికల సంపుటములు. మఱునాడుదయము చూచునప్పటికి బీరువా తలుపులు తెఱచి, పుస్తకములు వీధియరుగుమీద ఎండకు పెట్టి, తాను ప్రక్కన పీట వేసికొని కూర్చున్నది. ఎలిమెంటరీ బడికి పోవు పిల్లలు నలుగురైదుగురు నిలిచి చూచుచుండిరి. చెదలు పట్టినవని యెండబెట్టినదో, మఱియేమో, నేనడుగలేదు.

బయలుదేరునపుడు వాకిటివఱకు వచ్చి బొట్టు పెట్టినది. జనగణనము 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా జరుపుదుమని మన ప్రభుత్వము 2025లో ప్రకటించిన సంగతి నేను మాటలలో చెప్పియుంటిని.

"అమ్మాయీ, మీ ఆయన లెక్కలవారిలో నుండును గదా. నా పేరు హైదరాబాదులో వ్రాయనీయవద్దని చెప్పు. ఈ యింటి యెదుట తాళమని వ్రాయవలదు."

పెద్దబావకు ఉత్తరము వ్రాయుటకు రెండు మాఱులు కూర్చుంటిని. ఇంకను వ్రాయలేదు. ముందు నూతిగట్టునకు గరుకురాయి వేయించి, పట్టుకొనుటకు కమ్మీ బిగింపవలసినదిగా ఆ యూరి తాపీమేస్త్రికి కబురంపితిని.